పాత ట్రాక్టర్ క్యామ్ షాఫ్ట్: అరుగుదల పట్టుకోవడం నుంచి ఇంజన్ మళ్లీ స్టార్ట్ చేసేదాకా

ట్యాపెట్లు (వాల్వు గ్యాప్) సరిచేయించి పదిహేను రోజులు కాకముందే అదే సిలిండర్ దగ్గర మళ్లీ టకటక మొదలవుతుంది. మళ్లీ సరిచేస్తారు, మళ్లీ వస్తుంది. మూడోసారి నాజిల్ మారుస్తారు, నాలుగోసారి డీజిల్ పంపును టెస్టింగుకు పంపుతారు. పాత ట్రాక్టర్‌లో క్యామ్ షాఫ్ట్, అంటే వాల్వులను తెరిపించే షాఫ్ట్, అరిగినప్పుడు రైతు డబ్బు ఎక్కువగా ఈ దారిలోనే కరిగిపోతుంది. అందరి చేతిలో ఉండే ఫిల్లర్ గేజ్‌కు (గ్యాప్ కొలిచే సన్నటి రేకుకు) ఈ జబ్బు కనిపించకపోవడమే దీనికి కారణం.

ఎందుకు కనిపించదో ముందు తెలుసుకోవాలి. క్యామ్ షాఫ్ట్ మీద ఒక్కో వాల్వుకు ఒక్కో లోబ్ ఉంటుంది. పక్కనుంచి చూస్తే అది కోడిగుడ్డు ఆకారం. గుండ్రటి వెనుక భాగం ట్యాపెట్ (లోబ్ మీద ఆని లేచి దిగే చిన్న దిమ్మె) కింద ఉన్నంతసేపు వాల్వు మూసి ఉంటుంది. ముక్కు వచ్చినప్పుడు ట్యాపెట్, పుష్ రాడ్ పైకి లేస్తాయి, రాకర్ వాల్వును కిందికి నొక్కుతుంది. గ్యాప్ పెట్టేది వాల్వు మూసి ఉన్నప్పుడు, అంటే గుండ్రటి భాగం మీద. అరిగేదేమో ముక్కు. అది ఒకటిన్నర మిల్లీమీటరు తగ్గిపోయినా ఫిల్లర్ గేజ్ 0.30 మి.మీ. పెట్టిన చోట 0.30నే చూపిస్తుంది. వాల్వు మాత్రం తెరుచుకోవాల్సినంత తెరుచుకోదు. ఇక గ్యాప్ మాటిమాటికీ పెరుగుతోందంటే, చెడిన లోబ్ తన మీద కూర్చున్న ట్యాపెట్ ముఖాన్ని కూడా కొరుక్కు తింటోందని అర్థం.

అందుకే కొలవాల్సింది గ్యాప్ కాదు, లిఫ్ట్, అంటే వాల్వు తెరుచుకునే దూరం. ఈ పని మొత్తానికీ కీలకం అదే.

ఇక్కడ చెప్పేది క్యామ్ షాఫ్ట్ బ్లాకులోనే ఉండి, టైమింగ్ గేర్లతో తిరుగుతూ, పుష్ రాడ్లతో వాల్వులను నడిపే పాత డీజిల్ ఇంజన్ల సంగతి. మన పొలాల్లో ఇంకా తిరుగుతున్న పాత మాస్సీ, మహీంద్రా, స్వరాజ్ బళ్లు ఈ కోవలోవే. అంకెలు అవసరమైన చోట పర్కిన్స్ ఏడీ3.152ను ఉదాహరణగా తీసుకున్నాం. అది 3 సిలిండర్లు, 91.4 మి.మీ. బోరు, 127 మి.మీ. స్ట్రోక్‌తో మాస్సీ ఫెర్గూసన్ 135లో వచ్చిన రెండున్నర లీటర్ల ఇంజన్. మద్రాసు సింప్సన్ కంపెనీ పర్కిన్స్ లైసెన్సుతో చేసిన ఇంజన్లు దీనికి దాయాదులు. మీ బండి వేరేదైతే పద్ధతి ఇదే, అంకెలు మాత్రం దాని మాన్యువల్‌వే తీసుకోవాలి.

క్యామ్ ఎందుకు పోతుంది

క్రాంక్ రెండు చుట్లు తిరిగితే క్యామ్ ఒక చుట్టు తిరుగుతుంది. ఇంజన్ 1500 ఆర్పీఎమ్ మీద ఉంటే క్యామ్ 750 మీద ఉంటుంది. గంటకు ఒక్కో ముక్కు 45,000 సార్లు ట్యాపెట్‌ను ఎత్తుతుంది. ఆ రెండు లోహపు ముఖాల మధ్య ఉన్నది సన్నటి ఆయిల్ పొర ఒక్కటే. ఆ పొర చెదిరితే చాలు, అరుగుదల మొదలవుతుంది. పైనున్న గట్టిదనపు పొర పోయాక లోపలి మెత్తని లోహం వారాల్లోనే కొట్టుకుపోతుంది.

పొర చెదరడానికి పెద్ద కారణం డీజిల్ కలిసిన ఆయిల్. ఫీడ్ పంపు డయాఫ్రమ్ చిరిగినా, నాజిల్ కారుతున్నా డీజిల్ ఆయిల్ చాంబర్‌లోకి దిగుతుంది. డిప్ స్టిక్ మీద ఆయిల్ మట్టం తగ్గాల్సింది పోయి పెరుగుతుంటే అనుమానించాల్సింది దీన్నే. రెండోది ఎక్కువసేపు ఐడిల్‌లో ఉంచడం. ఐడిల్‌లో క్రాంక్ చిమ్మే ఆయిల్ తక్కువ. పైగా వేగం తక్కువ కాబట్టి వాల్వు స్ప్రింగు బలమంతా ముక్కు మీదే పడుతుంది. వేగం పెరిగితే ముక్కు దగ్గర ట్యాపెట్ జడత్వం ఆ బరువును కొంత తగ్గిస్తుంది. నూర్పిడి దగ్గర బండిని గంటల తరబడి ఊరికే మోగిస్తూ వదిలేయడం క్యామ్‌కు దుక్కి దున్నడంకన్నా చెడ్డది. మూడోది దుమ్ము. ఆయిల్ బాత్ ఎయిర్ క్లీనర్‌లో ఆయిల్ మట్టం తగ్గినా, అడుగున బురద పేరుకున్నా దుమ్ము నేరుగా ఇంజన్‌లోకి పోయి ఆయిల్‌ను సాన రాయిలా మారుస్తుంది.

మామూలుగా ముందు పోయేది ఎగ్జాస్ట్ లోబ్. సిలిండర్‌లో ఇంకా ఒత్తిడి ఉండగానే ఎగ్జాస్ట్ వాల్వును తెరవాలి కాబట్టి దాని మీద బరువు ఎక్కువ.

బయటికి కనిపించే గుర్తులు

ఎగ్జాస్ట్ లోబ్ అరిగితే కాలిన గ్యాస్ పూర్తిగా బయటికి పోదు. ఇన్లెట్ వాల్వు తెరుచుకోగానే ఆ గ్యాస్ వెనక్కి తంతుంది. ఎయిర్ క్లీనర్ దగ్గర చెవి పెడితే ఒక లయలో ఫుస్, ఫుస్ మని వినిపిస్తుంది. ఎయిర్ క్లీనర్‌కూ మేనిఫోల్డ్‌కూ మధ్య ఉన్న రబ్బరు హోస్ ఊడదీసి లోపల వేలితో తుడిచి చూడండి. అక్కడ పొడి దుమ్ము ఉండొచ్చు, పలుచటి ఆయిల్ చెమ్మ ఉండొచ్చు. మసి మాత్రం ఉండకూడదు. వేలికి నల్లగా, జిడ్డుగా మసి అంటిందంటే కాలిన గ్యాస్ ఇటువైపు వస్తోంది. ఇన్లెట్ వాల్వు సరిగా కూర్చోకపోయినా ఇలాగే తంతుంది. అయితే అప్పుడు ఇంజన్‌ను చేత్తో మెల్లగా కంప్రెషన్‌కు తెస్తుంటేనే ఎయిర్ క్లీనర్ వైపు సుయ్‌మని గాలి కారే చప్పుడు వస్తుంది. లోబ్ అరిగినప్పుడు ఆ కారుడు ఉండదు.

ఇన్లెట్ లోబ్ అరిగితే సిలిండర్‌కు గాలి చాలదు. లోడ్ పడగానే నల్ల పొగ వస్తుంది, బండికి బలం తగ్గుతుంది, పొద్దున్నే స్టార్ట్ కావడానికి మొండికేస్తుంది. నాజిల్, పంపు టెస్టింగులో బాగానే ఉన్నాయని తేలినా నల్ల పొగ తగ్గలేదంటే ఇన్లెట్ లిఫ్ట్ కొలవాల్సిందే.

క్యామ్ జర్నళ్లు, అంటే అది కూర్చుని తిరిగే చోట్లు అరిగితే గుర్తులు వేరు. వేడెక్కాక ఆయిల్ ప్రెషర్ పడిపోతుంది, రాకర్లు ఎండిపోతాయి. చాలా ఇంజన్లలో రాకర్లకు ఆయిల్ వెళ్లేది క్యామ్ జర్నల్‌లోని రంధ్రం గుండానే. ఆ రంధ్రం మడ్డితో మూసుకుపోయినా పైన ఎండే.

ఇక షాఫ్ట్ విరిగితే చెప్పేదేముంది, విరిగిన చోటు నుంచి వెనుక ఉన్న వాల్వులన్నీ ఒక్కసారిగా ఆగిపోతాయి. మూడు సిలిండర్లలో ఒకటో రెండో మాత్రమే కొట్టుకుంటూ బండి ఆగుతుంది. అలాంటప్పుడు మళ్లీ సెల్ఫ్ కొట్టవద్దు. తెరుచుకుని నిలిచిపోయిన వాల్వు ఉంటే పిస్టన్ దాన్ని వంచేస్తుంది.

ఏ సిలిండరో తేల్చుకోవడం

చల్లటి ఇంజన్‌ను స్టార్ట్ చేసి ఒక నిమిషంలోనే ఎగ్జాస్ట్ మేనిఫోల్డ్ మీద, ఒక్కో సిలిండర్ పోర్టు దగ్గర రెండు చుక్కల నీళ్లు చల్లండి. పని చేస్తున్న సిలిండర్ దగ్గర చుయ్‌మని ఆవిరవుతాయి. మండని సిలిండర్ దగ్గర నీళ్లు అలాగే జారిపోతాయి.

తర్వాత ఐడిల్‌లో ఒక్కో నాజిల్ పైపు నట్టును ఒక్కటిగా వదులు చేసి చూడాలి. బాగున్న సిలిండర్‌ది వదులు చేస్తే ఇంజన్ తడబడుతుంది. చెడిన దానిది వదులు చేసినా తేడా ఉండదు. ఇక్కడ జాగ్రత్త తప్పదు. ఆ పైపులో డీజిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోయేంత ఒత్తిడితో ఉంటుంది. నట్టు దగ్గర చేతివేళ్లు, ముఖం పెట్టకండి, కళ్లద్దాలు పెట్టుకోండి. డీజిల్ చర్మంలోకి గుచ్చుకుంటే నొప్పి లేకపోయినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

సిలిండర్ తేలాక రాకర్ కవర్ తీసి, క్యామ్‌ను తప్పుపట్టేముందు పైనున్నవి చూడాలి. స్ప్రింగు విరిగిందా, పుష్ రాడ్ వంగిందా, రాకర్ షాఫ్ట్ మీద రాకర్ ఊగుతోందా అని చూసుకోవాలి. పుష్ రాడ్లను గాజు పలక మీద దొర్లిస్తే వంపు ఉన్నది ఎగిరెగిరి దొర్లుతుంది. రాకర్ కొనను బొటనవేలి గోటితో తడమండి. వాల్వు కాండం తగిలే చోట గుంట పడి ఉంటే ఫిల్లర్ గేజ్ ఆ గుంట మీద వంతెనలా నిలుస్తుంది. గేజ్ 0.30 అంటుంది, లోపల గ్యాప్ 0.50 దాకా ఉండొచ్చు. అలాంటి రాకర్‌తో ట్యాపెట్లు ఎన్నిసార్లు పెట్టినా చప్పుడు పోదు, అయినా అది క్యామ్ తప్పు కాదు.

ఇంజన్‌ను ఐడిల్‌లో ఉంచి రెండు నిమిషాలు పైనుంచి గమనించండి. ప్రతి రాకర్ దగ్గరా ఆయిల్ ఊరాలి. పుష్ రాడ్ల మీద ముందే సుద్దతోనో పెయింటుతోనో ఒక చుక్క పెడితే ఇంకో ముఖ్యమైన సంగతి తెలుస్తుంది. బాగున్న ట్యాపెట్ లేస్తూ దిగుతూ తన చుట్టూ తాను మెల్లగా తిరుగుతుంది, దానితోపాటు పుష్ రాడ్ మీది చుక్క కూడా తిరుగుతుంది. ట్యాపెట్ ముఖాన్ని సన్నటి ఉబ్బుతో, లోబ్‌ను కొంచెం ఏటవాలుగా చేసేది అది తిరగాలనే. తిరిగితే అరుగుదల ముఖమంతా పంచుకుంటుంది. చుక్క కదలకుండా ఒకేచోట ఉందంటే ఆ ట్యాపెట్ తిరగడం మానేసింది. దాని కింద లోబ్ పోయిందో, పోబోతోందో.

లిఫ్ట్ కొలవడం

డయల్ గేజ్ ఉంటే మంచిది. లేకపోతే డెప్త్ కొలిచే వెర్నియర్‌తోనూ పని జరుగుతుంది.

ముందు అన్ని ట్యాపెట్ల గ్యాప్ సరిగ్గా పెట్టాలి. ఎక్కువ గ్యాప్ ఉంటే ఆ మేరకు వాల్వు లిఫ్ట్ తక్కువ చూపిస్తుంది, బాగున్న లోబ్‌ను అన్యాయంగా అనుమానించాల్సి వస్తుంది. ఏడీ3.152కు చల్లగా 0.30 మి.మీ., అంటే 12 థౌ (అంగుళంలో వెయ్యో వంతులు). వేడిగా అయితే 0.25 మి.మీ., అంటే 10 థౌ. మూడు సిలిండర్ల ఫైరింగ్ వరుస 1-2-3. ఒక్కో సిలిండర్‌కు ఇన్లెట్ రాకర్ కిందికి పోయి మళ్లీ పైకి వచ్చాక క్రాంక్‌ను ఇంకో మూడో వంతు చుట్టు నుంచి అర చుట్టు తిప్పితే కంప్రెషన్ టీడీసీ (గాలిని నొక్కుతూ పిస్టన్ పూర్తిగా పైకి చేరిన చోటు) వస్తుంది, అప్పుడు రెండు రాకర్లూ వదులుగా ఉంటాయి. నాలుగు సిలిండర్ల ఇంజన్లో వరుస 1-3-4-2 అయితే ఇంకా తేలిక. నాలుగో సిలిండర్ రెండు రాకర్లు కలిసి ఊగే చోట ఒకటోది పెట్టాలి. ఒకటోది ఊగేటప్పుడు నాలుగోది, రెండోది ఊగేటప్పుడు మూడోది, మూడోది ఊగేటప్పుడు రెండోది పెట్టాలి.

నాజిళ్లు తీసేస్తే ఇంజన్ చేత్తో తేలిగ్గా తిరుగుతుంది. డయల్ గేజ్ మొనను వాల్వు స్ప్రింగు టోపీ మీద, కాండానికి సమాంతరంగా నిలబెట్టి సున్నా పెట్టండి. క్రాంక్‌ను మెల్లగా తిప్పుతూ ముల్లు ఎంత దూరం పోతుందో రాసుకోండి. వెర్నియర్‌తో అయితే హెడ్డు పైన రాకర్ కవర్ కూర్చునే చదును నుంచి స్ప్రింగు టోపీ దాకా, వాల్వు మూసి ఉన్నప్పుడు ఒకసారి, పూర్తిగా తెరిచినప్పుడు ఒకసారి కొలవాలి. రెంటికీ తేడాయే లిఫ్ట్. ఒక్కో వాల్వును మూడుసార్లు కొలిచి సగటు తీయండి. ఒక్క కొలతను నమ్మవద్దు.

ఇన్లెట్లను ఇన్లెట్లతో, ఎగ్జాస్ట్‌లను ఎగ్జాస్ట్‌లతోనే పోల్చాలి. ఉదాహరణకు ఎగ్జాస్ట్ వాల్వులు 9.4, 9.3, 8.1 వచ్చాయనుకోండి. మూడోది పోయింది, ఇక సందేహం లేదు. 0.25 మి.మీ. లోపు తేడాను కొలత తప్పుగానో, పాత బండికి సహజమనో వదిలేయొచ్చు. 0.25 నుంచి 0.50 దాకా ఉంటే ఆయిల్ మార్చి, 50 గంటలు నడిపి మళ్లీ కొలిచి చూడండి. 0.50 దాటితే ఆలస్యం చేయకండి, ఆ లోహపు పొడి అంతా ఇప్పటికే మెయిన్ బేరింగుల వైపు పోతోంది. అన్నీ సమానంగా తక్కువగా ఉండే అవకాశమూ ఉంది, అందుకే మాన్యువల్‌లోని లిఫ్ట్ అంకెతోనూ సరిచూసుకోవాలి.

ఆయిల్ దించేటప్పుడు ఒక అయస్కాంతాన్ని ఆ ధారలో పెట్టండి. బూడిద రంగు మెత్తటి పేస్టు కొంచెం అంటుకోవడం మామూలే. మెరిసే పొలుసులు, చిన్న పెచ్చులు కనిపిస్తే లోబ్ గానీ ట్యాపెట్ గానీ రాలుతోంది. పాత ఆయిల్ ఫిల్టర్‌ను రంపంతో కోసి మడతలు విప్పి చూస్తే ఇంకా స్పష్టంగా తెలుస్తుంది.

విప్పడం

క్యామ్ షాఫ్ట్ ముందువైపు నుంచే బయటికి వస్తుంది. పాత మాస్సీ లాంటి బళ్లలో ఇంజనే చాసిస్. అందువల్ల రేడియేటర్, ముందు యాక్సిల్ రెండూ విడదీస్తే తప్ప టైమింగ్ కవర్ చేతికి రాదు. కింది ఆయిల్ చాంబర్ కూడా పోత ఇనుముతో చేసి, ట్రాక్టర్‌కు నడుములా బిగించిన మోడళ్లలో ఇంజన్ మొత్తం దించి స్టాండు మీద తిరగేసి చేయడమే మేలు. పని పెద్దదిగా కనిపిస్తుంది కానీ, కింద పడుకుని చేసేదానికన్నా సగం సమయంలో అవుతుంది. ట్యాపెట్లూ చక్కగా చూసుకోవచ్చు.

బ్యాటరీ వైరు తీయడం, నీళ్లు, ఆయిల్ దించడం ముందు. యాక్సిల్ విడదీసేముందు క్లచ్ హౌసింగ్ కింద గట్టి స్టాండు పెట్టాలి, జాకీ ఒక్కదాన్ని నమ్మకూడదు. ముందు యాక్సిల్‌కూ దాని బ్రాకెట్‌కూ మధ్య రెండు పక్కలా చెక్క వెడ్జ్‌లు కొట్టండి, లేకపోతే విడిపోగానే ఒక పక్కకు ఒరుగుతుంది. వెనుక చక్రాలకు రాళ్లు పెట్టాలి.

తర్వాత వరుస ఇది:

1. రాకర్ సెట్టు తీసి, పుష్ రాడ్లను అట్టముక్కకు రంధ్రాలు చేసి, అంకెలు వేసి వరుసగా గుచ్చండి. ఒక్కటి కూడా తారుమారు కాకూడదు.
2. క్యామ్‌తో నడిచే ఫీడ్ పంపు ఉంటే తీసేయండి. దాని చెయ్యి క్యామ్ మీద ఆని ఉంటుంది, తీయకుండా లాగితే అక్కడే ఇరుక్కుంటుంది.
3. క్రాంక్ పుల్లీని పుల్లర్‌తో తీయండి, సుత్తితో కొట్టకండి. తర్వాత టైమింగ్ కవర్.
4. గేర్ల మీద కంపెనీ గుర్తులు వెతకండి. ఒకటో సిలిండర్ కంప్రెషన్ టీడీసీకి తెచ్చి, గుర్తులు కనిపించకపోతే సెంటర్ పంచ్‌తో మీరే వేసుకోండి. పంపు గేరుకూ గుర్తు తప్పనిసరి.
5. క్యామ్ గేరు, తర్వాత థ్రస్ట్ ప్లేటు (షాఫ్ట్ ముందు వెనుకలకు జరగకుండా పట్టి ఉంచేది).

నాలుగో దాంట్లో చాలామంది కంగారుపడే సంగతి ఒకటుంది. మధ్యలో ఐడ్లర్ గేరు ఉన్న ఇంజన్లలో, ఇంజన్‌ను తిప్పాక గుర్తులు మళ్లీ ఒకేచోటికి రావడానికి చాలా చుట్లు పడుతుంది. ఐడ్లర్ పళ్ల లెక్క వేరు కాబట్టి అది సహజం. టైమింగ్ తప్పిందని అనుకోవద్దు. కేవలం గుర్తులు కలపడానికని ఇంజన్‌ను గంటసేపు తిప్పనక్కర్లేదు, ఉన్నచోటే కొత్త గుర్తులు వేసుకుంటే సరిపోతుంది.

ఇక ట్యాపెట్లు. కొన్ని ఇంజన్లలో అవి పైనుంచే వస్తాయి. పర్కిన్స్ లాంటి వాటిలో పుట్టగొడుగులా కింద వెడల్పు ముఖం ఉంటుంది, కిందినుంచే వస్తాయి. ఇంజన్ తిరగేస్తే తమ బరువుతో క్యామ్‌కు దూరంగా జారతాయి, షాఫ్ట్ అడ్డం లేకుండా వస్తుంది. ట్రాక్టర్ మీదే చేయాల్సివస్తే, ట్యాపెట్ రంధ్రంలో బిగుతుగా కూర్చునేలా చెక్కిన వెదురు పుల్లలను దిగగొట్టి, పైకి లాగి, బట్టల క్లిప్పులతో పట్టి ఉంచాలి.

షాఫ్ట్‌ను తిప్పుతూ, రెండు చేతులతో బరువు మోస్తూ తీయాలి. లోబ్ అంచులు బ్లాకు బోర్లను గీస్తే తర్వాత ఆయిల్ ప్రెషర్ పడిపోతుంది.

చేతిలోకి వచ్చాక ఏం చూడాలి

డీజిల్‌తో కడిగి ఎండలో పట్టుకుని తిప్పండి. బాగున్న లోబ్ ముక్కు మీద వెడల్పు పొడుగునా సమానమైన మెరుపు ఉంటుంది. చీమ కరిచినట్టు చిన్న గుంటలుంటే అది పిట్టింగ్, అక్కడినుంచి పెచ్చులు ఊడతాయి. నీలి రంగు తిరిగి ఉంటే ఆయిల్ లేక మాడింది. ఒక అంచున మాత్రమే అరిగి ఉంటే ట్యాపెట్ తిరగలేదు, లేదా బోరు వంకరగా అరిగింది.

మైక్రోమీటరుతో ముక్కు నుంచి మడమ దాకా కొలిచి, అడ్డంగా గుండ్రటి భాగాన్ని కొలిచి తీసేస్తే లోబ్ లిఫ్ట్ వస్తుంది. ఇది వాల్వు దగ్గర కొలిచినదానికన్నా తక్కువ ఉంటుంది, రాకర్ దాన్ని పెంచుతుంది కాబట్టి. షాఫ్ట్‌ను రెండు వీ బ్లాకుల మీద పెట్టి మధ్య జర్నల్ మీద డయల్ గేజ్ ఆనించి తిప్పండి. వంపు 0.05 మి.మీ. దాటితే ఆ షాఫ్ట్ పనికిరాదు.

ట్యాపెట్ ముఖం మీద వెర్నియర్ దవడ అంచును నిలబెట్టి వెలుతురుకు పట్టుకోండి. కొత్త ట్యాపెట్ మీద వెలుగు అంచుల దగ్గర కనిపిస్తుంది, మధ్యలో ఆనుతుంది. పోయిన ట్యాపెట్ మీద వెలుగు మధ్యలో కనిపిస్తుంది, అంటే పళ్లెంలా గుంట పడింది. దాన్ని ఎమరీ పేపర్ మీద రుద్ది వాడుకోవాలన్న ఆలోచనే వద్దు. గట్టి పొర పోయి ఉంటుంది, ఉబ్బు రాదు, నెల తిరక్కుండా కొత్త లోబ్‌నూ తినేస్తుంది.

జర్నళ్లకూ బోర్లకూ మధ్య ఖాళీ చాలా ఇంజన్లలో ఒక మిల్లీమీటరులో పదో వంతు చుట్టుపక్కల ఉంటుంది. బుష్‌లు ఉన్న బ్లాకులో అవి మార్చాలి, కొట్టేటప్పుడు ఆయిల్ రంధ్రాలు కలిశాయో లేదో టార్చి వేసి చూడాలి. క్యామ్ నేరుగా బ్లాకు ఇనుములోనే తిరిగే ఇంజన్లలో బోరు బాగా అరిగితే లైన్ బోరింగ్ (బోర్లన్నిటినీ ఒకే వరుసలో చెక్కడం) చేయించి బుష్‌లు వేయించక తప్పదు.

షాఫ్ట్ విరిగి ఉంటే, విరిగినది ఫలితం, కారణం వేరే ఉంటుంది. గైడులో (వాల్వు కాండం జారే గొట్టంలో) పట్టేసిన వాల్వు, బోరులో బిగుసుకున్న ట్యాపెట్, ఆయిల్ అందక పట్టేసిన జర్నల్, పన్ను ఊడిన గేరు, గేరును షాఫ్ట్‌కు పట్టి ఉంచే కీ తెగడం. ఈ ఐదింటిలో ఏదో దొరికేదాకా కొత్త షాఫ్ట్ వేయవద్దు. హెడ్డు తీసి పిస్టన్ నెత్తి మీద వాల్వు ముద్ర పడిందేమో చూడాలి.

కొత్తదా, గ్రైండింగా, వెల్డింగా

కొత్త షాఫ్ట్, పూర్తి సెట్టు కొత్త ట్యాపెట్లు. ఇదే సరైన దారి. ఒక్క లోబ్ పోయినా ట్యాపెట్లు అన్నీ మార్చాలి. పాత ట్యాపెట్ పాత లోబ్‌కు అలవాటుపడి ఉంటుంది, కొత్త లోబ్ మీద పెడితే ఒక్క గీత మీదే ఆనుతుంది.

క్యామ్ గ్రైండింగ్ మెషీన్ ఉన్న చోట, గట్టి పొర ఇంకా మిగిలి ఉంటే, లోబ్‌లను తిరిగి రుబ్బించవచ్చు. అన్ని లోబ్‌లనూ ఒకే కొలతకు చేయాలి. గుండ్రటి భాగం కూడా తగ్గుతుంది కాబట్టి ట్యాపెట్ స్క్రూ ఎక్కువ దించాల్సివస్తుంది, అందుకు మరలు మిగిలి ఉన్నాయో లేదో ముందే చూసుకోండి.

అరిగిన ముక్కు మీద వెల్డింగ్ పోసి, చేత్తో గ్రైండ్ చేసి ఇస్తామనే చోటికి పోకండి. పోత ఇనుప క్యామ్ వెల్డింగ్ వేడికి పగుళ్లు ఇస్తుంది, షాఫ్ట్ వంగుతుంది, చేతి లెక్కకు ముక్కు ఆకారం రాదు. పాత ఇనుప సామాను దుకాణంలో దొరికిన షాఫ్ట్ అయితే దానితోపాటు వచ్చిన ట్యాపెట్లను అవే లోబ్‌ల మీద, అదే వరుసలో వేస్తేనే తీసుకోండి.

బిగించడం

ముందు శుభ్రత. చాంబర్, ఆయిల్ పంపు జాలీ, గ్యాలరీ రంధ్రాలు (బ్లాకులో ఆయిల్ వెళ్లే దారులు) కడిగి గాలి పట్టించాలి. పాత లోబ్ పొడి జాలీలో మిగిలితే కొత్త పని వృథా. మెయిన్, బిగ్ ఎండ్ బేరింగుల్లో ఒక్కో క్యాప్ తీసి చూడండి. గీతలు కనిపిస్తే అన్నీ మార్చడం ఇప్పుడే తేలిక.

ట్యాపెట్ల కాండానికి ఆయిల్, ముఖానికి మాలిబ్డినం పేస్టు రాసి బోర్లలో పెట్టండి. చేత్తో తిప్పితే తేలిగ్గా తిరగాలి. ఎక్కడైనా పట్టినట్టనిపిస్తే అక్కడే ఆగి బోరులోని జిగురు తుడవండి. లోబ్‌లన్నిటికీ అదే పేస్టు, జర్నళ్లకు ఇంజన్ ఆయిల్. షాఫ్ట్ దూర్చి థ్రస్ట్ ప్లేటు బిగించాక ముందు వెనుకలకు ఊపి చూడండి. ఆ ఊగుడు మామూలుగా 0.10 నుంచి 0.40 మి.మీ. మధ్య ఉండాలి. ఎక్కువుంటే ప్లేటు మార్చాలి. గేర్ల పళ్ల మధ్య ఖాళీ 0.08 మి.మీ. కన్నా తక్కువ ఉండకూడదు, ఉంటే గేర్లు ఏడుస్తాయి.

గుర్తులు కలిపి బిగించాక సెల్ఫ్ కొట్టకుండా పానాతో క్రాంక్‌ను రెండు పూర్తి చుట్లు తిప్పండి. ఎక్కడైనా గట్టిగా ఆనినట్టుంటే బలం పెట్టకండి, వాల్వు పిస్టన్‌కు తగులుతోంది, టైమింగ్ మళ్లీ చూడాలి. టైమింగ్ కవర్ బోల్టులు వదులుగా పెట్టి, పుల్లీ దూర్చి ఆయిల్ సీల్ నడిమధ్యకు వచ్చాకే బిగించాలి. లేకపోతే సీల్ ఒక పక్క అరిగి నెలలోనే కారుతుంది.

మొదటి స్టార్ట్

ఆయిల్ ఫిల్టర్‌ను ఆయిల్‌తో నింపి బిగించండి. కంపెనీ చెప్పిన గ్రేడు ఆయిల్ పోయండి. పాత ఇంజన్లకు మన ఎండల్లో 20డబ్ల్యూ-40 లేదా 15డబ్ల్యూ-40 డీజిల్ ఇంజన్ ఆయిల్ మామూలు. స్టాప్ బటన్ లాగి పట్టి, పది సెకన్ల చొప్పున ఆగి ఆగి సెల్ఫ్ తిప్పుతూ ఆయిల్ ప్రెషర్ ముల్లు లేచేదాకా చూడాలి. రాకర్ల దగ్గర ఆయిల్ కనిపించాకే స్టార్ట్ చేయండి.

స్టార్ట్ కాగానే ఐడిల్‌కు దించకండి. 1200 నుంచి 1500 ఆర్పీఎమ్ మధ్య 20 నిమిషాలు నడపండి, మధ్యలో కొంచెం పెంచుతూ తగ్గిస్తూ. కొత్త లోబ్, కొత్త ట్యాపెట్ ఒకదానికొకటి కుదురుకునేది ఈ 20 నిమిషాల్లోనే. అప్పటికి వాటికి చాలినంత ఆయిల్ చిమ్మాలంటే వేగం ఉండాలి. ఈలోగా నీళ్లు, ఆయిల్ కారుడు చూసుకోవాలి. ఆపి, వేడి మీద ట్యాపెట్లు 0.25 మి.మీ.కు సరిచేయండి. పుష్ రాడ్ల మీద పెయింటు చుక్కలు తిరుగుతున్నాయో లేదో ఇప్పుడే చూడండి. తిరగనిది ఉంటే అప్పుడే విప్పడం తక్కువ నష్టం.

మొదటి 50 గంటలకు ఆయిల్, ఫిల్టర్ మార్చి, అయస్కాంతం పరీక్ష మళ్లీ చేయండి. తర్వాత ఆయిల్ మార్పు మాన్యువల్‌లో 250 గంటలని రాసి ఉన్నా, దమ్ము సీజన్‌లోనూ నూర్పిళ్లలోనూ 150కే మార్చడం మంచిది. బిగించిన రోజు ప్రతి వాల్వు లిఫ్ట్ కొలిచి కాగితం మీద రాసి టూల్ బాక్సులో పెట్టండి. 50 గంటలప్పుడు ట్యాపెట్లు సరిచేశాక మళ్లీ కొలిచి ఆ కాగితంతో పోల్చండి. 0.05 మి.మీ. లోపు తేడా ఉంటే పని నిలిచింది. ఒక్కదాంట్లో మాత్రమే అంతకన్నా పడిపోయి ఉంటే లోబ్‌ను తప్పుపట్టకండి, ఆ ట్యాపెట్ బోరును, ఆ వాల్వు గైడును, ఆ రాకర్‌కు వచ్చే ఆయిల్‌ను చూడండి.